పాత లేత్‌కు నిలిచే రంగు: అనంతపురం వర్క్‌షాపులో వాడిచూసిన ప్రైమర్లు, పెయింట్ల సమీక్ష

రాయలసీమ పట్టణాల వర్క్‌షాపుల్లో ఇప్పటికీ పని లాగుతున్న యంత్రాల్లో చాలా భాగం గడిచిన తరం నాటివి. బోరు మోటార్ల షాఫ్టులను తిప్పుతూ చెక్కి సరిచేసే లేతులు, తాడిపత్రిలోనూ బేతంచెర్లలోనూ బండల పాలిష్ యంత్రాలకు విడిభాగాలు చేసిపెట్టే షేపర్లు, పిల్లర్ డ్రిల్లులు, పవర్ హాక్సాలు ఎక్కువగా బటాలా, లూధియానా, రాజ్‌కోట్‌ల నుంచి వచ్చినవి. కాస్త పెద్ద షెడ్లలో హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్ లేతులు, హెచ్ఎంటీ వారి ఎల్‌బీ 17 లేతులు, 1943లో సికింద్రాబాదులో మొదలైన ప్రాగా టూల్స్ వారి గ్రైండింగ్ యంత్రాలు కూడా కనిపిస్తాయి. వీటి బీడు పోతలకు ఇంకా ఢోకా లేదు. బేరింగులు మార్చి, స్లైడులు స్క్రేప్ చేయించి, లీడ్ స్క్రూకు కొత్త నట్టు వేయిస్తే మరో ఇరవై ఏళ్లు నమ్మకంగా పనిచేస్తాయి. ఇంత ఖర్చు పెట్టిన యజమాని కూడా రంగు దగ్గరికి వచ్చేసరికి దగ్గరలోని దుకాణంలో దొరికిన డబ్బా తెప్పించి హెల్పర్ చేతికి ఇచ్చేస్తాడు. ఏడాది తిరగకముందే ఆ రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. అలా ఊడిపోని రంగు మన ఊళ్లో ఏది దొరుకుతుందో, ఏది ఏ యంత్రానికి పనికొస్తుందో తేల్చుకోవడానికి మా వర్క్‌షాపులోని వేర్వేరు యంత్రాల మీద వేర్వేరు ప్రైమర్లు, పెయింట్లు వేయించి గమనించిన విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. యంత్రం రంగు ఎంతకాలం నిలుస్తుందన్నది డబ్బా మీది కంపెనీ పేరును బట్టి ఉండదు. ఆ యంత్రం మీద రోజూ ఏ ద్రవం పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. కూలెంట్ (లోహాన్ని కోసేటప్పుడు వేడి తగ్గడానికి పోసే ద్రవం) పడే యంత్రానికి ఎపాక్సీ ప్రైమర్, దానిపైన రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురథేన్ పెయింట్ తప్ప మరేదీ నిలవదు. కూలెంట్ పడని యంత్రానికి అంత ఖర్చు అవసరం లేదు, మంచి సింథటిక్ ఎనామెల్ చాలు. ఈ రెండు మాటల వెనక ఉన్న కారణం తెలిస్తే దుకాణదారు ఏది చూపించినా మనకు కావలసినది మనమే అడిగి తెచ్చుకోగలం.

అనంతపురం జిల్లాలో ఏడాది వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి, రంగు ఊడిన బీడు ముక్క షెడ్డు లోపల నెలల తరబడి పడి ఉన్నా విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో పట్టినంత తుప్పు ఇక్కడ పట్టదు. అందువల్ల సముద్రపు ఒడ్డున వంతెనలకూ ఓడలకూ వాడే జింక్ రిచ్ ప్రైమర్లను మన షెడ్డులోని లేత్‌కు కొనడం డబ్బు దండగ. ఇక్కడ రంగుకు అసలు శత్రువులు నూనె, కూలెంట్, ఎండ వేడి. వీటిలో కూలెంట్ చేసే చేటు చాలామందికి తెలియదు. నీళ్లలో కలిపి వాడే కటింగ్ ఆయిల్ తుప్పు పట్టనివ్వకుండా ఉండటానికి క్షారగుణంతో తయారవుతుంది. దాని పీహెచ్ సాధారణంగా 8.5 నుంచి 9.5 మధ్య ఉంటుంది. సింథటిక్ ఎనామెల్‌కు ఆధారమైన ఆల్కిడ్ రెజిన్ నూనెల నుంచి తయారయ్యేది. నూనె, క్షారం కలిస్తే సబ్బు అవుతుంది కదా, అదే పని లేత్ మీద కూడా మెల్లగా జరుగుతుంది. మా లేత్ చిప్ ట్రేలో (చెక్కిన లోహపు తునకలు రాలే పళ్లెంలో) కూలెంట్ నిలిచే మూలను గమనిస్తే ఇది స్పష్టంగా తెలిసింది. మొదట ఎనామెల్ మెరుపు పోయి తెల్లబారింది, తర్వాత వేలితో నొక్కితే గోరు దిగేంత మెత్తబడింది, ఆపైన వేడి చిప్స్ రాలినచోటల్లా ప్రైమర్‌తో సహా పొరలుగా లేచింది. అదే డబ్బాలోని రంగు అదే లేత్ హెడ్‌స్టాక్ (ముక్కను తిప్పే తల భాగం) మీద, కూలెంట్ చిమ్మని వైపున, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇక ప్రైమర్ సంగతికి వచ్చే ముందు శుభ్రం చేయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊడిపోయిన రంగుల్లో ఎక్కువ భాగం అక్కడ చెడినవే. మన వర్క్‌షాపుల్లో పాత యంత్రాన్ని కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరిందనిపించగానే ప్రైమర్ కొట్టేస్తారు. కిరోసిన్ గ్రీజును కరిగిస్తుందన్నది నిజమే. అయితే డీజిల్, కిరోసిన్ రెండూ ఆరిన తర్వాత పలుచటి జిడ్డు పొరను మిగులుస్తాయి, ఆ పొర మీద ఏ ప్రైమర్ కూడా పట్టు దొరికించుకోలేదు. అందుకని కిరోసిన్ కడుగుడు మొదటి అంకం మాత్రమే కావాలి. దాని తర్వాత డిటర్జెంట్ కలిపిన వేడినీళ్లతో తోమి, కడిగి, ఆరబెట్టి, ఆపైన శుభ్రమైన థిన్నర్‌తో తుడవాలి. తుడిచేటప్పుడు రెండు గుడ్డలు ఉండాలి: ఒకటి థిన్నర్‌లో తడిపినది, రెండోది పొడిది. తడిగుడ్డ కరిగించిన జిడ్డును అది ఆరిపోయేలోగా పొడిగుడ్డ ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఒకచోటు నుంచి మరోచోటుకు పాకుతుందే గాని పోదు.

బీడుకు మరో ఇబ్బంది ఉంది. దానిలోని గ్రాఫైట్ రేకుల సందుల్లోకీ సన్నని రంధ్రాల్లోకీ ఏళ్ల తరబడి నూనె ఇంకిపోయి ఉంటుంది. పైన ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ జిడ్డు తేలుతుంది. దీనికి మన ఎండే మంచి మందు. విప్పిన భాగాలను మధ్యాహ్నం ఆరుబయట బండల మీద పెడితే చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి, లోపలి నూనె చెమటలాగా పైకి వస్తుంది. కాసేపు నీడలో పెట్టి, వేడి తగ్గగానే థిన్నర్‌తో తుడిచి, మళ్లీ ఎండలో పెట్టాలి. నూనె తేలడం ఆగేదాకా ఇలా చేయాలి. చివరి పరీక్షగా ఆ ఇనుము మీద కొన్ని మంచినీళ్లు చిలకరించి చూడాలి. నీరు పలుచగా, తెగకుండా పరుచుకుంటే శుభ్రమైనట్టు. పూసలు పూసలుగా విడిపోతే నూనె ఇంకా మిగిలి ఉన్నట్టు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఏ డబ్బా మీద ఉన్న హామీ కంటే ఇది ఎక్కువ నమ్మదగినది. పరీక్ష కాగానే నీటిని పూర్తిగా తుడిచి ఆరబెట్టడం మరవకూడదు.

పాత రంగును ఎంతవరకు తీయాలన్నది తరువాతి ప్రశ్న. గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును పూర్తిగా తీయనవసరం లేదు, దానిని ఉప్పుకాగితంతో గరుకు చేసి పైన వేసుకోవచ్చు. కానీ పైన ఎపాక్సీగాని పాలీయురథేన్‌గాని వేయదలచుకుంటే కింద ఉన్నది ఏ రకం రంగో ముందు తెలుసుకోవాలి. ఎన్‌సీ థిన్నర్‌లో (నైట్రోసెల్యులోజ్ రంగులను పలుచన చేసే ద్రావకంలో) ముంచిన దూదిని పాత రంగు మీద కొన్ని నిమిషాలు ఉంచి చూడాలి. రంగు మెత్తబడి దూదికి అంటినా, ముడతలు పడినా దానిమీద రెండు డబ్బాల పెయింట్ వేయకూడదు. ఆ పెయింట్‌లోని ఘాటైన ద్రావకాలు కింది పొరను లేపేస్తాయి. అప్పుడు పూర్తిగా ఇనుము కనిపించేదాకా గీకేయడమే మార్గం. గీకేటప్పుడు జాగ్రత్త ఎంతో అవసరం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) పరిమితం చేసిన నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలైంది, అది కూడా గృహ, అలంకరణ రంగులకే వర్తిస్తుంది. అంతకు ముందటి యంత్రాల మీది రంగులో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లోనూ పాత ప్రైమర్లలోనూ సీసం ఉంటుందనుకునే పని మొదలుపెట్టాలి. కప్ బ్రష్ పెట్టి పొడిగా గ్రైండ్ చేస్తే ఆ ధూళి అంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు తీసే జెల్ రాసి, తడిగా ఉండగానే స్క్రేపర్‌తో గీకి, ఆ పెచ్చులను ఒక సంచిలో వేసి పక్కన పెట్టాలి. షెడ్డు ముందు ఆడుకునే పిల్లలను ఆ రోజు అటు రానివ్వకూడదు.

గీకేకొద్దీ యంత్రం చరిత్ర బయటపడుతుంది. మా లేత్ కాలు మీద పైన యజమానులు మార్చి మార్చి వేసిన బూడిదరంగు, నీలం, దాని కింద ఫ్యాక్టరీ వారి లేత ఆకుపచ్చ, దాని కింద గోధుమరంగు లప్పం, అట్టడుగున ఎర్రటి ప్రైమర్ కనిపించాయి. ఆ లప్పం కొన్నిచోట్ల మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంది. ఇది లోపం కాదు. ఇసుక అచ్చుల్లో పోసిన బీడు గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో అందరూ లప్పంతోనే నునుపు చేసేవారు. గట్టిగా ఉన్న లప్పాన్ని ఉన్నచోటే వదిలేయవచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే గట్టిగా ఉన్నచోట కంగుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది; డొల్లగా ఉన్నదాన్ని పూర్తిగా తీసేయాలి. కర్నూలు పట్టణాన్ని ముంచిన 2009 అక్టోబరు వరదలాంటిది చూసిన యంత్రాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం ఏ లప్పాన్నీ నమ్మకూడదు. వరదనీరు లప్పం అంచుల కిందికి చేరి లోలోపల తుప్పు పట్టించి ఉంటుంది, పైకి ఏమీ తెలియదు.

ప్రైమర్ల విషయానికి వస్తే, ఊళ్లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా మొదట చేతికిచ్చేది రెడ్ ఆక్సైడ్. ఇందులోని ఐరన్ ఆక్సైడ్ కేవలం రంగునిచ్చే ఖనిజం, అది తుప్పును అడ్డుకోదు. అడ్డుకునేది దానితో కలిపే జింక్ క్రోమేట్ లేదా జింక్ ఫాస్ఫేట్. గేట్లకు, కిటికీ చువ్వలకు అమ్మే చౌక రెడ్ ఆక్సైడ్‌లో ఆ రెండూ ఉంటాయన్న నమ్మకం లేదు. ఆరిన తర్వాత వేలితో రుద్దితే ఎర్రటి పొడి అంటుకునే రకాలు కూడా మా చేతికి వచ్చాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2074 గుర్తు ఉన్న రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమ్ ప్రైమర్ పట్టు విషయంలో చాలా మేలు. కానీ క్రోమేట్ క్యాన్సర్ కారకం. ఆరిన ప్రైమర్‌ను ఉప్పుకాగితంతో రుద్దే హెల్పర్ ఆ ధూళిని పీల్చాల్సి వస్తుంది. ఆ ఒక్క కారణంతో నేను దాన్ని మా షెడ్డులోకి రానివ్వడం మానేశాను. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ దాదాపు అదే పని చేస్తుంది, ఆ ప్రమాదం లేదు. బూడిద రంగులోనూ దొరుకుతుంది కాబట్టి పైన వేసే లేత రంగు ఒకటి రెండు కోట్లతోనే నిండుగా కనిపిస్తుంది. పెద్ద కంపెనీలన్నింటికీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ ఉంది. దుకాణంలో నిల్వ లేకపోతే తెప్పించమని అడగాలి, బదులుగా ఇచ్చే ఎర్ర డబ్బాతో సర్దుకోకూడదు. సింథటిక్ ఎనామెల్ వేయబోయే యంత్రాలకు నా ఓటు దీనికే.

ఎపాక్సీ ప్రైమర్ వేరే శ్రేణికి చెందినది. బేస్, హార్డ్‌నర్ అని రెండు డబ్బాలు వస్తాయి. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కొలిచి కలపాలి, కంటి అంచనాకు ఇక్కడ చోటు లేదు. బీడు మీద దాని పట్టును మించినది నేను చూడలేదు. పూర్తిగా గట్టిపడిన తర్వాత స్పానర్ జారి తగిలినా గీత పడుతుందే గాని పెచ్చు లేవదు. బర్జర్ వారి ఎపిలక్స్ శ్రేణి పారిశ్రామిక డీలర్ల దగ్గర దొరుకుతుంది. అంతదూరం పోలేనివారికి లారీ బాడీలు కట్టేచోట, కార్లకు రంగు వేసేచోట ఉండే ఆటోమొబైల్ పెయింట్ దుకాణాల్లో చిన్న డబ్బాల్లో ఎపాక్సీ ప్రైమర్ దొరుకుతుంది, ఒక్క యంత్రానికి అదే సౌకర్యం. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. తుప్పు తీయడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం రాసి, దాన్ని బాగా కడగకుండా పైన ఎపాక్సీ వేస్తే ఆ మిగిలిన ఆమ్లం హార్డ్‌నర్ పనిని చెడగొడుతుంది. ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కొరికి పట్టుకునే ప్రైమర్) మీద నేరుగా ఎపాక్సీ వేయడం కూడా ఇదే కారణంగా మంచిది కాదు. శుభ్రమైన, గరుకైన బీడు మీద ఎపాక్సీకి మరే సహాయమూ అక్కర్లేదు.

లప్పం గురించి రెండు మాటలు చాలు. హార్డ్‌నర్ పేస్ట్ కలిపి వాడే పాలియెస్టర్ పుట్టీ గుంతలకు, గరుకు పోతలకు మంచిది. ఎన్‌సీ పుట్టీ సూది మొనంత రంధ్రాలకు మాత్రమే పనికొస్తుంది. మందంగా పెడితే ఎన్‌సీ పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. గోడలకు వాడే లప్పాన్ని యంత్రం మీద పెట్టిన వర్క్‌షాపులను కూడా చూశాను, నూనె తగిలినచోటల్లా అది పిండిలా రాలుతుంది.

పై రంగుల్లో సింథటిక్ ఎనామెల్‌ను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఏషియన్ పెయింట్స్ వారి అప్కోలైట్, బర్జర్ వారి లక్సోల్, నెరోలాక్ వారి ఎనామెల్ మూడూ మా పిల్లర్ డ్రిల్, పెడెస్టల్ గ్రైండర్, చేతి ప్రెస్ వంటి పొడి యంత్రాల మీద ఉన్నాయి. వాటి మన్నికలో చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. బ్రష్‌తో వేసినా గీతలు సర్దుకుపోతాయి, టర్పెంటైన్‌తో పలుచన చేసుకోవచ్చు, గీరుకుపోయినచోట మళ్లీ కాస్త రాసుకోవచ్చు, ప్రతి వీధిలో దొరుకుతుంది. ఆరడుగుల లేత్‌కు రెండు కోట్లు వేయడానికి దాదాపు ఒక లీటరు సరిపోతుంది. దీనికి కావలసిందల్లా ఓపిక. పలుచగా వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, రెండో కోటు వేయాలి. మన వేడిలో పైపొర త్వరగా ఆరిపోతుంది కాబట్టి మందంగా వేస్తే లోపల పచ్చిగా ఉండగానే పైన మీగడ కట్టి ముడతలు పడుతుంది. పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా దానిమీద స్పానర్లు పెట్టకూడదు, నూనె పోయకూడదు.

హ్యామర్‌టోన్ పెయింట్ చాలామందికి ఇష్టం. సుత్తితో కొట్టినట్టుండే దాని నమూనా గరుకు పోతను బాగా దాచిపెడుతుంది, లప్పం పని చాలా తగ్గుతుంది. గ్రైండర్ స్టాండ్లకు, కంట్రోల్ పెట్టెలకు అందంగా ఉంటుంది. అయితే ఒకసారి దెబ్బ తగిలి ఊడితే అక్కడ రాసిన అతుకు దూరం నుంచే తెలిసిపోతుంది, దాని మీద మరో రంగు వేయాలన్నా సరిగా పట్టదు. తరచు దెబ్బలు తగిలే లేత్‌కు, షేపర్‌కు దాన్ని నేను సూచించను. ఎన్‌సీ రంగు స్ప్రే చేసిన నిమిషాల్లో ఆరిపోయి అద్దంలా మెరుస్తుంది గాని, పెళుసుగా ఉండి పెచ్చులూడుతుంది, థిన్నర్‌తో తుడిస్తే కరిగిపోతుంది. అమ్మకానికి పెట్టే యంత్రాన్ని తళతళలాడించడానికి దళారులు వాడేది ఎక్కువగా ఇదే, కాబట్టి కొనేవారు థిన్నర్ దూది పరీక్ష అక్కడే చేసి చూసుకోవడం మంచిది.

రెండు డబ్బాల పాలీయురథేన్, పెయింటర్ల మాటలో టూ కే, అన్నింటికంటే పైమెట్టున నిలిచింది. ఎపాక్సీ ప్రైమర్ మీద దీన్ని వేసిన లేత్ చిప్ ట్రే, క్యారేజ్ ఏప్రాన్ (కోసే పనిముట్టును మోసే భాగానికి ముందుండే పలక), పవర్ హాక్సా తొట్టి నిత్యం కూలెంట్‌లో తడుస్తున్నా మెత్తబడలేదు. వేడి చిప్స్ పడినచోట చిన్న మచ్చలు పడ్డాయి, అంతే. వారానికోసారి థిన్నర్ గుడ్డతో తుడిచినా మెరుపు తగ్గలేదు. బర్జర్ వారి బర్జర్‌థేన్ వంటి పారిశ్రామిక రకాలు ఉన్నాయి, ఆటోమొబైల్ దుకాణాల్లోని టూ కే రంగులు కూడా సమానంగా పనిచేశాయి. ఖర్చు మాత్రం సింథటిక్ ఎనామెల్‌కు రెట్టింపుకు మించుతుంది. కూలెంట్ నిలిచే తొట్టి లోపలి వైపు వరకే అయితే పై రంగుగా కూడా ఎపాక్సీనే వేసుకోవచ్చు. ఎపాక్సీకి ఎండ పడదు. ఎండ తగిలేచోట కొద్దికాలానికే సుద్దపొడిలా మారుతుంది, కాబట్టి వాకిలి దగ్గర ఉండే యంత్రానికి పైన పాలీయురథేన్ తప్పదు.

టూ కే రంగు విషయంలో మా పట్టణంలోని ఒక దుకాణంతో మాకు చేదు అనుభవం ఎదురైంది. పాలీయురథేన్ థిన్నర్ లేదని, ఏ థిన్నరైనా ఒకటేనని చెప్పి ఎన్‌సీ థిన్నర్ కట్టి ఇచ్చారు. ఎన్‌సీ థిన్నర్‌లో ఉండే ఆల్కహాలు, తేమ రెండూ హార్డ్‌నర్‌తో కలిసి దాన్ని రంగుకు అందనివ్వవు. ఆ థిన్నర్‌తో కొట్టిన గార్డులు మసకబారి, వారాలు గడిచినా గోరు దిగేంత మెత్తగానే ఉండిపోయాయి. మొత్తం గీకి మళ్లీ వేయవలసి వచ్చింది. అందుకని బేస్, హార్డ్‌నర్, థిన్నర్ మూడూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనాలని గట్టిగా చెబుతున్నాను. హార్డ్‌నర్ తయారీ తేదీ చూడాలి; మూత తీసిన హార్డ్‌నర్ గాలిలోని తేమను పీల్చుకుని జిగురులా గట్టిపడుతుంది కాబట్టి అవసరానికి సరిపడే చిన్న డబ్బానే తీసుకోవాలి. అనంతపురంలో దొరకకపోతే బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. అక్కడి పారిశ్రామిక డీలర్ దగ్గర మూడూ ఒకేచోట దొరుకుతాయి.

ఆరోగ్యం గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పాలీయురథేన్ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తుంది, ఒకసారి వచ్చినవారికి తర్వాత కొద్దిపాటి వాసన తగిలినా ప్రమాదమే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు, గుడ్డ మాస్కు ఏ మాత్రం ఆపలేవు. మంచి గాలి సరఫరా ఉన్న స్ప్రే బూత్‌లో, సరైన శ్వాస పరికరం పెట్టుకునే పెయింటర్ చేత చేయించాలి, లేదా స్ప్రే మాట మరచి బ్రష్‌తో వేయాలి. నేను బ్రష్‌నే ఎంచుకున్నాను. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే బ్రష్ గీతలు చాలావరకు సర్దుకుంటాయి, వర్క్‌షాపు యంత్రానికి ఆ మాత్రం నునుపు చాలు. బ్రష్ అయినా షెడ్డు తలుపులన్నీ తెరిచి, చేతులకు తొడుగులు వేసుకోవడం తప్పనిసరి.

మన వాతావరణంలో ఏ సమయంలో రంగు వేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఇనుము చేయి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు స్ప్రే చేస్తే రంగులోని ద్రావకం గాలిలోనే ఆవిరై, రంగు పొడిపొడిగా పడి గరుకుగా ఉంటుంది. బ్రష్‌తో వేస్తే సన్నని బుడగలు, రంధ్రాలు పడతాయి. కలిపిన ఎపాక్సీ వాడుకకు పనికివచ్చే సమయం వేడి పది డిగ్రీలు పెరిగితే సుమారు సగానికి తగ్గిపోతుంది. కాబట్టి వేసవిలో కొద్దికొద్దిగా కలుపుకుని, ఉదయం ఎండ ఎక్కకముందే పని ముగించాలి. ఆషాఢ శ్రావణాల్లో గాలికి దుమ్ము లేచి పచ్చి రంగు మీద కూర్చుంటుంది, ఆ నెలల్లో బాగా మూసుకోగల గది ఉంటే తప్ప ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో గాలి తేమగా ఉన్న రోజులను వదిలేయాలి. నా లెక్కన నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు మన జిల్లాల్లో ఇంతకంటే అనుకూలమైన కాలం లేదు.

రంగు ఎంపికలో పాత యంత్రపు అసలు రంగు తెలుసుకోవాలంటే ఇత్తడి నేమ్ ప్లేట్ విప్పి దాని వెనక చూడాలి. ఎండ, నూనె సోకని ఫ్యాక్టరీ రంగు అక్కడ ఉంటుంది. జర్మన్ పద్ధతి ఆకుపచ్చ కావాలంటే ఆర్ఏఎల్ (జర్మన్ రంగుల పట్టిక) 6011 అని, లేత బూడిద కావాలంటే ఆర్ఏఎల్ 7035 అని, భారతీయ ప్రమాణం ఐఎస్ 5 ప్రకారం లైట్ గ్రేకు 631, డార్క్ అడ్మిరాల్టీ గ్రేకు 632 అని చెబితే దుకాణదారుకు అర్థమవుతుంది. నేను లేత బూడిదనే మెచ్చుకుంటాను, ఎందుకంటే నూనె ఎక్కడ కారుతోందో దానిమీద వెంటనే కనిపిస్తుంది. నేమ్ ప్లేట్ మీద, డయల్ అంకెల మీద, నూనె రంధ్రాల్లో, గ్రీజు నిపుల్స్ మీద, బెడ్ స్లైడుల మీద రంగు పడకూడదు. స్లైడులకు గ్రీజు రాసి పైన కాగితం అంటిస్తారు గాని, ఆ గ్రీజు పక్కకు పాకి రంగు పట్టును చెడగొడుతుంది, అందుకని అంచుల వరకు మాస్కింగ్ టేప్ వేయడమే శ్రేయస్కరం. మోటారు మీది రెక్కలకు ఒక్క పలుచటి కోటు చాలు. మందంగా వేస్తే వేడి బయటికి పోవడం కష్టమవుతుంది.

లెక్క చూసుకుంటే, లేత్, పవర్ హాక్సా, మిల్లింగ్, సర్ఫేస్ గ్రైండర్ వంటి కూలెంట్ యంత్రాలకు ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు, పాలీయురథేన్ రెండు కోట్లు నా సిఫారసు. పిల్లర్ డ్రిల్, పెడెస్టల్ గ్రైండర్, ప్రెస్, వైస్, బెంచి వంటివాటికి జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ మీద ఏ పెద్ద కంపెనీ సింథటిక్ ఎనామెల్ అయినా సరిపోతుంది. డబ్బు ఇబ్బందిగా ఉన్నవారు ఒకే లేత్ మీద రెంటినీ వేసుకోవచ్చు: చిప్ ట్రే, ఏప్రాన్, బెడ్ పక్కలకు టూ కే, హెడ్‌స్టాక్ వెనక, కాళ్లు, తలుపులకు ఎనామెల్. అలా చేసేటప్పుడు టూ కే పని మొత్తం పూర్తయి ఆరిన తర్వాతే ఎనామెల్ మొదలుపెట్టాలి. ఎనామెల్ మీద టూ కే తుంపర పడితే ముడతలు లేస్తాయి గాని, గరుకు చేసిన టూ కే మీద ఎనామెల్ పడితే నష్టమేమీ లేదు. టూ కే వేసిన యంత్రానికి కూడా వెంటనే కూలెంట్ పెట్టకూడదు; ముట్టుకుంటే ఆరినట్టు అనిపించినా పూర్తిగా గట్టిపడటానికి కనీసం ఒక వారం పడుతుంది. ఆ వారం లేత్‌ను నడపక తప్పకపోతే కూలెంట్ పంపు కట్టేసి, బీడు ముక్కలు తిప్పే పొడి పనులు పెట్టుకోవచ్చు.